"కన్ను బాగానే ఉంది" అనే మాట గురించి

"కన్ను బాగానే ఉందమ్మా. నరాల వీక్‌నెస్, అంతే."

ఈ మాటతో నాకు పేచీ ఉంది. వ్యక్తులతో కాదు, వైద్యవృత్తితో అసలే కాదు, ఈ మాటతోనే. కాలు తిమ్మిరెక్కినా, చెయ్యి వణికినా, తల తిరిగినా, రాత్రి నిద్రపట్టకపోయినా మన తెలుగునాట ఒకటే నిర్ణయం: నరాల వీక్‌నెస్. దానికి ఒకటే మందు: బీకాంప్లెక్స్ గోలీలు. నూటికి తొంభైమందికి దీనివల్ల వచ్చే నష్టమేమీ లేకపోవచ్చు. కానీ కంటి వెనక ఉండే దృష్టినాడి వాచినప్పుడు ఈ మాట చూపును తినేస్తుంది. నా ఎడమకంటి చూపును అలాగే తినేసింది. కనుక దీన్ని ఊరకే వదిలిపెట్టే ఉద్దేశం నాకు లేదు. చదువరులు ఓపిక పట్టవలసిందిగా కోరుతున్నాను.

నేను జూనియర్ కళాశాలలో తెలుగు చెబుతాను. 2011 ఏప్రిల్‌లో ఇంటర్ జవాబుపత్రాల స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్ళినప్పుడు, రెండో రోజున నా పెన్నులోని ఎర్రసిరా వెలిసిపోయినట్లు అనిపించింది. పెన్ను మార్చాను. పక్కబల్ల మీది సహోద్యోగిని అడిగి ఆమె పెన్ను తీసుకున్నాను. అదీ అంతే. అనుమానం వచ్చి ఒక్కొక్క కన్నే మూసి చూశాను. ఎడమకన్ను మూస్తే నెత్తుటి ఎరుపు. కుడికన్ను మూస్తే తడి ఇటుకపొడి. కాగితం ఈ అంచు నుండి ఆ అంచుకు చూపు తిప్పినప్పుడల్లా ఎడమ కనుగుడ్డును వెనక నుండి ఎవరో పురికొస కట్టి లాగుతున్నట్లు నొప్పి. నాలుగో రోజుకు ఏ అక్షరం మీద చూపు నిలిపితే ఆ అక్షరమే పొగలో మునిగేది. చుట్టుపక్కల అక్షరాలు మాత్రం కనబడేవి.

జిల్లా కేంద్రంలో కంటివైద్యుల దగ్గరకు వెళ్ళాను. అద్దాలు మార్చి మార్చి చూపించారు. కంటిలోపలి ఒత్తిడి కొలిచారు. చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక వెనక తెర చూశారు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అప్పుడు చెప్పిన మాటే పైన వ్రాసినది. పరీక్షల కాలం కదా, ఒత్తిడి తగ్గించుకోమన్నారు. ఇంట్లో మా అత్తగారు కూడా అదే అన్నారు. ఏడెనిమిది వారాలకు చూపు చాలావరకు తిరిగి వచ్చింది. అందరి మాటా నెగ్గింది. నాకు మాత్రం ఆ కంటితో ఎరుపు మళ్ళీ ఎన్నడూ పూర్తిగా ఎరుపు కాలేదు.

వాళ్ళు అన్నది అబద్ధం కాదు. కన్ను నిజంగానే బాగుంది. చెడింది కన్ను కాదు. వీధిదీపం వెలగడం లేదని పిలిస్తే వచ్చిన లైన్‌మాన్ స్తంభమెక్కి, బల్బు మంచిదేనని చెప్పి దిగి వెళ్ళిపోతే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. బల్బు మంచిదే. కాలుతున్నది తీగ. కంటి నుండి మెదడు వైపు సాగే ఆ తీగ పొడవు సుమారు 5 సెంటీమీటర్లు, అందులో ఉండే పోగులు సుమారు 12 లక్షలు. మన శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే ఆ పోగుల మీదకు, వాటికి అండగా ఉండే కణాల మీదకు తిరగబడితే ఆ తీగ వాస్తుంది. దీన్నే ఆప్టిక్ న్యూరైటిస్ అంటారు. మూడింట రెండువంతుల మందిలో వాపు కనుగుడ్డుకు వెనకగా ఉంటుంది కాబట్టి తొలిరోజుల్లో కంటిలోనికి ఎంత వెలుగు వేసి చూసినా ఏమీ తేలదు. రోగికీ ఏమీ కనబడదు, వైద్యుడికీ ఏమీ కనబడదు అని వైద్యవిద్యార్థులకు దీని గురించి ఒక చమత్కారం చెబుతారట. ఆ చమత్కారం తెలిసిన వృత్తిలో, వైద్యుడికి ఏమీ కనబడకపోవడాన్నే రోగం లేదనడానికి సాక్ష్యంగా ఎలా తీసుకుంటారన్నది నా మొదటి ప్రశ్న.

దీన్ని కనిపెట్టడానికి కోట్ల ఖరీదు చేసే యంత్రం అక్కరలేదు. 2013లో నాకు రెండవసారి అదే కంటికి దెబ్బ తగిలినప్పుడు, తొమ్మిది రోజులు అక్కడా ఇక్కడా తిరిగాక, ఒక పెద్ద ఆసుపత్రిలో పీజీ చదువుతున్న అమ్మాయి రెండు నిమిషాల్లో తేల్చింది. గదిలో వెలుతురు తగ్గించి, చిన్న టార్చిలైటును ఒక కంటి నుండి మరొక కంటికి, మళ్ళీ మొదటి కంటికి ఊపినట్లుగా మార్చి మార్చి వేసింది. కుడికంటి మీద వెలుగు పడగానే కంటిపాప ముడుచుకున్నది. ఎడమకంటి మీదికి రాగానే, ముడుచుకోవలసినది, విచ్చుకున్నది. అంటే ఆ కంటి నుండి వెలుగు కబురు లోపలికి సరిగా పోవడం లేదన్నమాట. తరువాత ఒక మందుసీసా ఎర్రమూత చూపించి, "మేడమ్, ఈ ఎరుపు రెండు కళ్ళకూ ఒకేలా ఉందా?" అని అడిగింది. రెండేళ్ళ క్రితం ఎర్రసిరా పెన్నుతో నేను చేసుకున్న పరీక్ష అదే! నేనది అప్పట్లోనే చెప్పాను. వ్రాసుకున్నవాళ్ళు లేరు.

ఇక రెండవ మాట. "తగ్గిపోతుంది, చూద్దాం. మందు ఇచ్చినా ఇవ్వకపోయినా చివరికి చూపు ఒకటే." ఇది మొదటి మాటకన్న ప్రమాదకరమైనది. ఎందుకంటే దీని వెనక శాస్త్రం ఉంది. అమెరికాలో 1988 నుండి 1991 వరకు 457 మందిని చేర్చుకుని జరిపిన ఆప్టిక్ న్యూరైటిస్ చికిత్సాపరీక్ష ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. నరంలోకి ఎక్కించిన మిథైల్‌ప్రెడ్నిసొలోన్ చూపును త్వరగా తెచ్చింది కానీ, ఏడాది చివర లెక్క చూస్తే మందు పుచ్చుకోనివారికీ చూపు దాదాపు అంతే వచ్చింది. 90 శాతానికి పైగా రోగులకు 6/12 లేదా అంతకన్న మెరుగైన చూపు మిగిలింది. మంచిమాటే. కాదనను.

అయితే ఆ పరీక్షలో ఉన్నది ఎవరు? ఆనాడు దాచిపెట్టిన రక్తనమూనాల్లో 177 మందివి తీసి, తరువాత కనుగొన్న యాంటీబాడీల కోసం పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే జబ్బుకు గుర్తైన ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ వారిలో ఎవరికి ఉంది? ఒక్కరికీ లేదు. మాగ్ యాంటీబాడీ ముగ్గురికి మాత్రమే ఉంది. అంటే, నాలాంటి రోగి పరీక్షించిన ఆ నమూనాల్లో ఒక్కరూ లేరు. లేనివారి మీద తేలిన ఊరట ఉన్నవారికి ఎలా వర్తిస్తుంది? ఈ ఆక్వాపోరిన్ తరహా జబ్బు తెల్లవారిలో కన్న ఆసియావాసుల్లో, ఆఫ్రికా సంతతివారిలో ఎక్కువ పాలు కనబడుతుందనీ, రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది దాకా స్త్రీలేననీ దశాబ్దాలుగా వ్రాస్తూనే ఉన్నారు కదా! అమెరికా లెక్కను తెచ్చి ఇక్కడి స్త్రీకి "చూద్దాం" అని చెప్పేవారు తాము శాస్త్రం మాట్లాడుతున్నామని అనుకుంటున్నారు. అది శాస్త్రం కాదు, కంఠస్థం.

ఆలస్యానికి ధర ఎంతో కూడా లెక్క ఉంది. ఈ జబ్బు తీవ్రంగా విరుచుకుపడినప్పుడు రక్తంలోని ప్లాస్మాను మార్చే చికిత్స మొదటిరోజే మొదలుపెడితే పూర్తిగా కోలుకునే అవకాశం 50 శాతం దాకా ఉండగా, ఇరవై రోజులు గడిస్తే అది 1 నుండి 5 శాతానికి పడిపోయిందని 2018లో ప్రచురితమైన ఒక పరిశీలన చెబుతున్నది. నా తొమ్మిది రోజులను ఈ లెక్కలో ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలుసు. మీరూ పెట్టి చూడండి.

అదే అమెరికా పరీక్షలో తేలిన మరొక సంగతి మాత్రం ఇక్కడెవరికీ గుర్తు లేదు. కిలో బరువుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ప్రెడ్నిసోన్ మాత్రలు మాత్రమే మింగినవారికి జబ్బు తిరగబెట్టడం దాదాపు రెట్టింపు కనబడింది. దోషం నోటితో మింగడానిది కాదు, చాలీచాలని మోతాదుది. చాలా పెద్ద మోతాదులో నోటితో ఇచ్చినా నరంలోకి ఎక్కించినదానికి తీసిపోదని కెనడాలో జరిగిన పరీక్ష 2018లో చూపింది. మన దగ్గర జరిగేది ఏమిటి? ఒకవైపు స్టెరాయిడ్ అనగానే ఇంటిల్లిపాదీ హడలిపోయి వద్దనడం. మరొకవైపు అదే స్టెరాయిడ్‌ను చీటీ లేకుండా మందుల షాపులో నాలుగు గోలీలు కత్తిరించి ఇవ్వడం. కావలసినప్పుడు కావలసినంత ఇవ్వరు. అక్కరలేని చోట అక్కరలేనంత మింగిస్తారు. 2013లో ఆ తొమ్మిది రోజుల్లో నేను మింగినవి కూడా ఆ కత్తిరింపు గోలీలే.

మూడవ మాట జబ్బుకు పెట్టే పేరు గురించి. దృష్టినాడి వాచిందని ఒప్పుకున్నాక కూడా, వెంటనే మల్టిపుల్ స్క్లీరోసిస్ అని పేరు పెట్టి అక్కడితో ఆగిపోవడం ఉంది. ఎమ్మెస్ చాలామందిలో ఇలాగే మొదలవుతుంది, నిజమే. పైన చెప్పిన పరీక్షలోనివారిని పదిహేనేళ్ళు గమనిస్తే, మొదట్లోనే మెదడు స్కాన్‌లో మచ్చలున్నవారిలో 72 శాతం మందికి, మచ్చలు లేనివారిలో 25 శాతం మందికి ఎమ్మెస్ తేలింది. కానీ 1894లోనే ఫ్రాన్సులో లియాన్ నగరపు వైద్యుడు యూజీన్ డెవిక్, ఆయన శిష్యుడు ఫెర్నాండ్ గోల్ట్ చూపునూ వెన్నుపామునూ కలిపి దెబ్బతీసే వేరొక జబ్బును వర్ణించారు. దాన్ని ఎమ్మెస్‌కు చెల్లెలిగానే లెక్కగట్టి నూరేళ్ళకు పైగా గడిపారు. 2004లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు ఆ రోగుల రక్తంలో ప్రత్యేకమైన యాంటీబాడీని పట్టుకున్నారు. అది దాడిచేసేది ఆస్ట్రోసైట్ కణాల మీద నీరు పోయే ద్వారమైన ఆక్వాపోరిన్-4 మీదనని 2005లో తేల్చారు. అటువంటి ద్వారాలను మొదట కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇక మాగ్ యాంటీబాడీతో వచ్చే మూడవ జబ్బుకు 2023లో అంతర్జాతీయ ప్రమాణాలు వెలువడ్డాయి. ఒకే వాకిలి, మూడు వేర్వేరు ఇళ్ళు.

ఏ ఇంట్లో ఉన్నామో తెలియకుండా మందు పెట్టడం ఎంత ప్రమాదమంటే, ఎమ్మెస్‌కు మేలుచేసే ఇంటర్‌ఫెరాన్-బీటా, నటాలిజుమాబ్, ఫింగోలిమోడ్ వంటివి న్యూరోమైలైటిస్ ఆప్టికాను మరింత రెచ్చగొట్టగలవు. నాకు 2013లో ఎమ్మెస్ అన్నారు. పదకొండు నెలలు ఇంటర్‌ఫెరాన్ సూదులు పొడుచుకున్నాను. 2014లో నడుము నుండి కిందికి తిమ్మిరెక్కి మంచాన పడ్డాను. ఆ సూదుల వల్లనే పడ్డానని నేను నిరూపించలేను. అవి నన్ను కాపాడలేదని మాత్రం నిరూపించనక్కరలేదు. అప్పుడు తీసి పంపిన ఒక్క రక్తనమూనాతో అసలు పేరు తేలింది. 2004 నుండి తెలిసిన పరీక్ష 2011లో నా దగ్గరకు రాలేదు, 2013లోనూ రాలేదు. నడక పోయాక వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

పెద్దలైనా ఈ విషయంలో ఆలస్యం చేయలేదని అనను. ఎమ్మెస్‌ను నిర్ధారించే మెక్‌డొనాల్డ్ ప్రమాణాల్లో 2017 నాటికి కూడా దృష్టినాడి ఒక స్థానంగా లెక్కకు రాలేదు. 2024 సవరణ 2025లో ప్రచురితమయ్యాక గానీ దానికి అయిదవ స్థానంగా చోటు దక్కలేదు. రోగులు దశాబ్దాల తరబడి మొట్టమొదట చెబుతూ వచ్చిన బాధకు లెక్కలో చోటు దొరకడానికి అంతకాలం పట్టింది.

ఇక అందరూ ఆశ్రయించే వాదన: "ఇది అరుదైన జబ్బు, ఖరీదైన వైద్యం, మనలాంటి దేశానికి తూగదు." అరుదైనది జబ్బు కావచ్చు. టార్చిలైటు అరుదైనది కాదు. ఎర్రమూత అరుదైనది కాదు. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఏ పెద్దాసుపత్రిలోనైనా ఉంటుంది. తిరగబెట్టకుండా ఆపే మందుల్లో ఎకులిజుమాబ్ వంటివి 2019 నుండి వచ్చాయి, అమెరికాలో వాటి ధర ఏటా లక్షల డాలర్లు. అవి మనకు తూగవు, ఒప్పుకుంటాను. కానీ రిటుక్సిమాబ్ మాటేమిటి? 2020లో జపాన్ నుండి వచ్చిన పరీక్షలో ఆ మందు పొందిన 19 మందిలో ఒక్కరికీ జబ్బు తిరగబెట్టలేదు. ఉత్తి సెలైన్‌లాంటిది పొందిన 19 మందిలో ఏడుగురికి తిరగబెట్టింది. ఆ రిటుక్సిమాబ్‌కు ప్రపంచంలోనే మొట్టమొదటి బయోసిమిలర్‌ను 2007లో మార్కెట్లోకి తెచ్చిందెవరో తెలుసునా? మన హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్. కాన్సర్ కోసం తెచ్చిన మందే అది. అయినా నాకు 2014 చివరి నుండి నేటిదాకా ఒక్క దాడీ రాకుండా ఆపింది ఆ కోవ మందే. నా కన్ను పోయిన 2011లో అది మా ఊరికి కొన్ని గంటల ప్రయాణదూరంలో తయారవుతూనే ఉంది. కొరత మందుది కాదు, డబ్బుది మాత్రమే కూడా కాదు. సరైన పేరు సమయానికి పలికేవారి కొరత. అజథయోప్రిన్ వంటి పాత, చవక మందులు కూడా ఈ జబ్బుకు వాడుతూనే ఉన్నారు. పేరు తెలిస్తే కదా వాడేది!

మన ప్రాంతం కంటివైద్యానికి పేరుపడ్డది. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటివెలుగు పేరుతో ఊరూరా పరీక్షలు మొదలయ్యాయి. కళ్ళద్దాలు, శుక్లాల విషయంలో వాటివల్ల మేలు జరిగింది, నేను తక్కువ చేయను. కానీ శిబిరం వచ్చేదాకా ఆగేది మెల్లగా వచ్చే అంధత్వం. శుక్లం ఏళ్ళు తీసుకుంటుంది. ఇది నాలుగు రోజులు తీసుకుంటుంది. కంటివైద్యమంటే అద్దమూ, శుక్లమూ అని జనానికి అలవాటు చేశాం. కాబట్టి ముప్ఫైయేళ్ళ యువతి చూపు మసకేసిందంటే అద్దాల దుకాణానికి పంపిస్తాం.

చివరగా చట్టం సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం "మల్టిపుల్ స్క్లీరోసిస్ వంటి" దీర్ఘకాలిక నాడీవ్యాధులను గుర్తించింది. ఆ "వంటి" అనే మాటలోనే మా జబ్బులు తలదాచుకోవాలి. చూపు లెక్క మరీ విచిత్రం. ఒక కంటికి 3/60 కన్న తక్కువ చూపు ఉండి, లేదా వెలుగు కూడా తెలియకుండా పోయి, రెండవ కన్ను 6/18 వరకూ పనిచేస్తుంటే 30 శాతం వైకల్యం. హక్కులు మొదలయ్యేది 40 శాతం దగ్గర. నాకు 30 శాతం. పటం మీద అక్షరాలు చదవడమే చూపు అనుకుంటే ఈ లెక్క సరే. మెట్టు లోతు తెలియక తడబడడం, ఎడమవైపు వచ్చే బండి కనబడకపోవడం ఆ పటం మీద లేవు. ఒంట్లో వేడి పెరిగితే చూపు మసకేస్తుంది. ఒళ్ళు శ్రమపడినప్పుడు అలా జరగడాన్ని విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ వైద్యుడు 1890లోనే వ్రాశాడు. చల్లని గదిలో కొలిచిన చూపుతో మేమందరం రోహిణీకార్తెలో బతకాలి!

ఇంత వ్రాసినందుకు నన్ను భయపెట్టేదానిగా కొందరు తలచవచ్చు. దృష్టినాడి వాచిన ప్రతివారూ గుడ్డివారు కారు. ఎక్కువమంది కోలుకుంటారు. వాపుకు క్షయ, సిఫిలిస్ వంటి వేరే కారణాలూ ఉంటాయి, వాటినీ చూడాలి. మందులు ఎవరికివారు పుచ్చుకోమని నేను చెప్పడం లేదు. నేను అడిగేది చాలా చిన్నది. కొద్దిరోజుల్లోనే ఒక కంటి చూపు మసకబారి, కన్ను తిప్పితే నొప్పి పుట్టి, ఎరుపు వెలిసినట్లు కనబడితే దాన్ని గుండెనొప్పిలాగా అత్యవసరంగా చూడండి. కంటి అద్దాల గది నుండి నేరుగా నాడీవైద్యుల దగ్గరకు పంపండి. స్కాన్ తీయించి, ఆ రెండు యాంటీబాడీల పరీక్షకు రక్తం పంపండి. ఫలితం వచ్చేదాకా చికిత్స ఆపకండి. అన్నిటికన్న ముందు, ఆమె చెప్పింది చెప్పినట్లు వ్రాసుకోండి.

మొన్న ఏప్రిల్‌లో కూడా వాల్యుయేషన్‌కు వెళ్ళాను. కుడికంటితో దిద్దుతాను, తలను కాస్త ఎడమకు తిప్పి. పక్కబల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి రెండుసార్లు కళ్ళు నులుముకుంది. లేచి వెళ్ళి నా పెన్ను మూత చూపించాను. "ఒక్కొక్క కన్ను మూసి చూడమ్మా, రెండిటికీ ఎరుపు ఒకేలా ఉందా?" అన్నాను. ఒకేలా ఉందట. రాత్రి నిద్ర చాలలేదంతే. ఆ అమ్మాయికి నేను కాస్త చాదస్తంగా కనబడే ఉంటాను. ఫరవాలేదు. 2011లో నాకు అలాంటి చాదస్తురాలు ఒక్కరు దొరికి ఉండవలసింది.